రెండు ముక్కల పేరు

కూతురి పేరు పోయిన సంగతి పేర్లమ్మకి బడి గేటు దగ్గర తెలిసింది.

బుధవారం సాయంత్రం. పిల్లలు గేటు దగ్గర ఒకరి మీద ఒకరు పడుతున్నారు. టీచరమ్మ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, వచ్చిన పెద్దవాళ్లకి అప్పజెబుతోంది. “చిట్టీ!” అని పిలిచింది. ఎవరి చిట్టో, ఎవరి పొట్టో అనుకుని పేర్లమ్మ పట్టించుకోలేదు. టీచరమ్మ మళ్లీ పిలిచింది. అప్పుడు వెనక వరసలోంచి తన కూతురే, భుజానికి సంచీ వేలాడేసుకుని, తల వంచుకుని ముందుకొచ్చింది.

“చిట్టి ఎవరండీ?” అని అడిగింది పేర్లమ్మ.

టీచరమ్మ చెడ్డ మనిషి కాదు. ఎవరితోనూ గొడవ పడలేని మనిషి, అంతే. “ఏం లేదండీ, క్లాసులో తులిర అన్న పేరుతో ఇద్దరయ్యారు. ఒకర్ని పిలిస్తే ఇద్దరు లేస్తున్నారు. అందుకని మీ పాపని చిట్టి అంటున్నాం. ముద్దుగా ఉంది కదా?” అంది.

“ఆ రెండో పాపనే చిట్టి అనొచ్చుగా?”

టీచరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “వాళ్లమ్మగారు వచ్చి మాట్లాడారండీ. మా అమ్మాయి పేరు చూసి ఎవరో పెట్టుకుంటే, దాన్ని మా అమ్మాయెందుకు పంచుకోవాలి అన్నారు. మీరు వాళ్ల కొట్లోనే పని చేస్తారట కదా. పేరు నచ్చింది, పెట్టుకున్నారు. అందులో తప్పేం లేదులెండి, చాలామంది అలాగే చేస్తారు.”

 పేర్లమ్మ కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డెక్కింది. సగం దారిలో ఆగి అడిగింది.

“నీ పేరు చిట్టి కాదని చెప్పలేదుటే?”

“చెప్పా. రెండోసారి చెప్తే నిలబెట్టారు.”

“ఎంతసేపు?”

“బువ్వ తినేదాకా.”

పిల్ల మామూలుగానే చెప్పింది. కాళ్లు నొప్పి పుట్టాయని కూడా అనలేదు. ఆ మామూలుగా చెప్పడమే పేర్లమ్మ ఒళ్లు మండించింది. ఇంటికొచ్చి, కాళ్లు కడిగి, పిల్లకి తిండి పెట్టింది. లారీ మీద వెళ్లిన మొగుడు మరో వారానికి గానీ రాడు. వచ్చినా అతను చెప్పబోయేది తెలుసు: పోనిద్దూ, పేరేగా. ఈ పోనిద్దూ అనే మాటతోనే అతను సగం జీవితం వెళ్లదీశాడు.

*

అసలు ఆమెకి పేర్లమ్మ అన్న పేరు పెట్టింది కత్తెర మాస్టారు. పసిపిల్లల బట్టల కొట్టు వెనక గదిలో ఆయన బట్ట కత్తిరిస్తాడు, ఈమె ఆ బట్టల మీద పేర్లు కుడుతుంది. దుప్పట్లు, టోపీలు, దిండు గలేబులు, తువాళ్లు, ఏది కొన్నా దాని మీద బిడ్డ పేరు కుట్టించుకోవడం ఆ కొట్టు ప్రత్యేకత. ఊళ్లో ఎవరింట బిడ్డ పుట్టినా, ఆ బిడ్డ పేరు అమ్మమ్మలకంటే ముందు పేర్లమ్మకి తెలుస్తుంది. పేర్లు గుంపుగా రావడం, గుంపుగా పోవడం ఆమె చూసింది. ఒక ఏడంతా ఒకటే పేరు. మరుసటేడు ఆ పేరు పెట్టినవాళ్లే ‘అబ్బే, మరీ పాతదైపోయింది’ అని మూతి విరుస్తారు.

ఈ ఏడు తులిర. కొట్టు ముందు నిలువెత్తు బొమ్మలో కొట్టు యజమానురాలు మేడమ్ కూతురు తెల్ల గౌనులో నవ్వుతూ ఉంటుంది, కింద పెద్దక్షరాలతో ఆ పేరు. గర్భిణులు లోపలికొస్తూ దాన్ని చదువుతారు, బయటికి వెళ్తూ మళ్లీ చదువుతారు. నెల తిరిగేసరికి ఆర్డరొస్తుంది.

గురువారం పొద్దున పేర్లమ్మ కుట్టు రింగులో బట్ట బిగిస్తూ జరిగింది చెప్పింది. మాస్టారు కత్తెర ఆపకుండా విన్నాడు.

“సొమ్మొకడిది, సోకొకడిది” అన్నాడు చివరికి. “నీ బిడ్డ దుప్పటి మీద ఆ పేరు నువ్వు కుడుతున్నప్పుడు నేనిక్కడే ఉన్నా. నీకూ నెలలు నిండాయి, మేడమ్‌కీ నిండాయి. ఆవిడొచ్చి నీ భుజం మీంచి చూసి, ఎవరి ఆర్డరు అంది.”

“‘పుట్టబోయే మా పాపకి, మేడమ్’ అన్నా.”

“అబ్బ, ఎంత బావుంది అంది. ఆవిడకి నచ్చిందంటే అది ఆవిడ ఇంటికి నడిచిపోతుందని నేనప్పుడే అనుకున్నా. నా మడత కుర్చీ అలాగే పోయింది.”

“కుర్చీ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు మాస్టారూ.”

“అదీ నిజమే” అని ఆయన మళ్లీ బట్ట మీదకి వంగాడు.

మధ్యాహ్నం మేడమ్ స్వయంగా వెనక గదిలోకి వచ్చింది. ఆమె చేతుల్లో ముదురాకుపచ్చ మఖమల్ తాను, జరీ దారాల కండెలు ఉన్నాయి. ఆదివారం కూతురి పుట్టినరోజు. ఆ రోజు నుంచీ కొట్టు పేరు కూడా తులిరే. ముందు గదిలో గోడ నిండా తెర కట్టి, దాని మీద ఆ పేరు బంగారు జరీతో, మోచెయ్యంత అక్షరాలతో మెరవాలి. పిల్లల తల్లులొస్తారు, బడి టీచరొస్తుంది, పత్రిక నుంచి ఒకావిడొస్తుంది.

“నీ చెయ్యి పడితేనే దీనికి అందం. గొలుసు కుట్టు వెయ్యి, దూరానికి బాగా కనిపిస్తుంది” అంది మేడమ్.

పేర్లమ్మ తానుని నిమిరింది. నిమురుతూనే అంది: “మేడమ్, బడిలో మా పాపని చిట్టి అంటున్నారు.”

“అవును, నేనే చెప్పా. బావుంది కదా? చిన్నపిల్లలు, వాళ్లకేం తెలుస్తుంది!” మేడమ్ గొంతులో కోపం లేదు, బెరుకూ లేదు. “పైగా ఇప్పుడది కొట్టు పేరు కూడా. రేపు మీ అమ్మాయి ఎక్కడికెళ్లినా, బట్టల కొట్టు పేరు పెట్టుకున్నావేమిటి అని అడుగుతారు. నీ మేలుకే చెబుతున్నా.”

“అది మేం పెట్టుకున్న పేరండీ.”

“పెట్టుకున్నారు, కాదన్నానా? అసలు దానర్థం తెలుసా నీకు? ఏదో పాత భాషలో చిగురు అని. మా ముత్తాతల నాటి నుంచీ మా ఇంట్లో నలుగుతున్న పేరు” అని చెప్పి, తెర పొడవు మాస్టారుకి చూపించి వెళ్లిపోయింది.

అబద్ధం ఆడుతున్న మనిషి కళ్లు ఎలా ఉంటాయో పేర్లమ్మకి తెలుసు. మేడమ్ కళ్లు అలా లేవు. అయిదేళ్లుగా చెప్పగా చెప్పగా ఆ ముత్తాతలు ఆవిడకి నిజంగానే పుట్టుకొచ్చినట్టున్నారు. దొంగిలించినవాడు సిగ్గుపడితే కొంత ఊరట ఉంటుంది. ఇక్కడ ఆ ఊరట కూడా లేదు.

చిగురట. ముత్తాతలట. పేర్లమ్మకి లోపల నవ్వొచ్చింది, ఆ నవ్వుతో పాటే ఒక ఆలోచనా వచ్చింది. ఆ పేరు ఎక్కడ పుట్టిందో ఆమె ఇంట్లోవాళ్లకి తప్ప ఊళ్లో ఎవరికీ తెలీదు. అందులో ముందు ముక్క తన కన్నతల్లి పేరులోది. ఆ తల్లి చచ్చేదాకా బస్టాండులో మరుగుదొడ్లు కడిగింది. వెనక ముక్క అత్తగారి పేరులోది. ఆ అత్త పెద్దాసుపత్రిలో శవాల గది ఆయాగా చేసింది. చిగురని మురిసిపోతున్న మేడమ్‌కి, పుట్టినరోజు నాడు, పదిమందిలో ఆ వేరు పీకి చూపిస్తే?

“ఏమిటి, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?” అన్నాడు మాస్టారు.

“తెర బాగా కుదురుతుంది మాస్టారూ” అంది పేర్లమ్మ.

*

పగ పట్టిన మనిషి పని ఎంత శ్రద్ధగా చేస్తుందో చూడాలంటే ఆ రెండు రోజులూ వెనక గదిలో కూర్చోవాల్సింది. అక్షరాలు కాగితం మీద గీసింది. గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచింది. కాగితాన్ని మఖమల్ మీద పరిచి, తెల్లపొడి అద్దిన గుడ్డతో రుద్ది, కాగితం ఎత్తితే చుక్కలు చుక్కలుగా తులిర తేలింది. గొలుసు తర్వాత గొలుసు వేసుకుంటూ పోయింది. జరీ పీచు లేవకుండా ప్రతి కుట్టునీ బొటనవేలితో అణిచింది. ఎవరూ వంక పెట్టకూడదు. ఎంత అందంగా మెరిస్తే, కిందపడ్డప్పుడు అంత మోత.

సూదితో పాటు మాట కూడా నడిచింది. మొదట అనుకున్న మాట చాలా పొడుగు. అందులో తను కడుపుతో ఉన్న రోజులున్నాయి, దుప్పటి ఉంది, కూతుర్ని నిలబెట్టిన సంగతి ఉంది, ఏడుపూ ఉంది. ఏడిస్తే జాలి పడతారు, జాలి పడితే మరిచిపోతారు. అందుకని ఏడుపు కత్తిరించింది. దుప్పటి సంగతి కత్తిరించింది. ఒక్క ఊపిరిలో అనగలిగేంత మాట మిగిలింది. దొడ్లు అన్న చోటా, శవాలు అన్న చోటా కొంచెం ఆగి, మూతి ఒక పక్కకి తిప్పి అంటే బాగా దిగుతుందని కూడా కనిపెట్టింది.

శుక్రవారం సాయంత్రం పెరట్లో కుళాయి కింద బట్టలు పిండుతూ, బక్కెట్టునే మేడమ్ అనుకుని ఆ మాట అప్పజెప్పింది. అని వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్త నిలబడి ఉంది.

ఆవిడ ఎముకల పోగులా ఉంటుంది గానీ చెవులు మాత్రం పాముచెవులు. “మళ్లీ అను” అంది.

“ఏం లేదత్తయ్యా.”

“శవాలు కడిగిన మా అత్త అన్నావు. నా గురించే కదా, నా మొహం మీదే అను.”

దాచి లాభం లేక పేర్లమ్మ అంతా చెప్పింది. బడి సంగతి, తెర సంగతి, ఆదివారం తను చెయ్యబోయేదీ. అత్త మెట్టు మీద కూర్చుని, తడిబట్టలు అందుకుని మడతలు దులుపుతూ వింది.

“చెప్పు. చెప్పొద్దని నేననను” అంది. “నా పని నేను ఎవరి దగ్గరా దాచలేదు. ఆ గదిలో ఉన్నన్నాళ్లూ ఏ ఒక్కరినీ ఊరికే కడగలేదు. బొటనవేలికి కట్టిన చీటీ చదివించుకుని, పేరు పెట్టి పిలిచి, ఇటు తిరుగు నాయనా, చెయ్యి ఎత్తమ్మా అంటూ కడిగేదాన్ని. బతికుండగా వాళ్లని ఎవరూ అంత మెల్లగా పిలిచి ఉండరు. మీ అమ్మ మటుకు? ఆ దొడ్లలో నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు అనేవాళ్లు జనం.”

“అదంతా నాకు తెలీదా అత్తయ్యా?”

“తెలుసు. మరి నీ నోట్లో అది తిట్టులా ఎందుకుంది?”

పేర్లమ్మ గుడ్డని గట్టిగా మెలిపెట్టింది. “తిట్టులా ఉంటేనే ఆవిడకి తగులుతుంది. మీరు చెప్పినట్టు చెబితే, పాపం ఎంత మంచివాళ్లో అని చప్పట్లు కొట్టి, కేకు ముక్క చేతిలో పెట్టి పంపిస్తారు.”

“ఆ పేరు నీ కూతురిక్కూడా ఉందే అమ్మాయ్.”

“దాని పేరు దానికి తెచ్చివ్వడానికేగా ఈ తంటా అంతా!”

“కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం” అని అత్త మడతల దొంతర ఎత్తుకుని లేచింది. కోడలితో వాదన పెట్టుకునే అలవాటు ఆవిడకి లేదు. చెప్పింది, అయిపోయింది. పేర్లమ్మ మాత్రం ఆవిడ వెళ్లాక ఆ మాటని ఇంకోసారి అనుకుని చూసుకుంది. ఒక్క అక్షరం కూడా మార్చాలనిపించలేదు.

*

ఆదివారం ముందు గదిలో బట్టల బల్లలు పక్కకి జరిపి కుర్చీలు వేశారు. పిల్లలు రంగుకాగితం టోపీలు పెట్టుకుని బెలూన్ల వెంట పడుతున్నారు. తెర ముందు బల్ల, బల్ల మీద అంతస్తుల కేకు, పక్కనే నక్షత్రంలా మెరిసే గౌనులో మేడమ్ కూతురు. తెర మీద తులిర దీపాల కింద ధగధగలాడుతోంది. వచ్చినవాళ్లందరూ ముందు దాని దగ్గరికెళ్లి తాకి చూస్తున్నారు. ముందు వరసలో ఇద్దరు బాలింతలు పసిబిడ్డలతో కూర్చున్నారు. ఆ బిడ్డల టోపీల మీద ఆ పేరు కుట్టింది కూడా పేర్లమ్మే.

కూతుర్ని అత్త దగ్గర వదిలి, ఉతికి ఆరేసిన మంచి బట్టలు కట్టుకుని పేర్లమ్మ గోడవార నిలబడింది.  మాస్టారు చివరి కుర్చీ అంచు మీద కూర్చుని, ఎందుకో ఆమెనే చూస్తున్నాడు.

కేకు కోశారు. పత్రికావిడ కలం తీసి, “ఇంత కొత్త పేరు ఎలా తట్టింది మేడమ్?” అని అడిగింది. మేడమ్ సరిగ్గా ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉంది. చిగురు వచ్చింది, పాత భాష వచ్చింది, ముత్తాతలు వచ్చారు. ఈసారి కొత్తగా ఒక కల కూడా వచ్చింది. చప్పట్లు కొట్టారు. “ఈ తెర కుట్టింది కూడా మా దగ్గర పనిచేసే మనిషే. రా, ముందుకి రా, సిగ్గుపడకు” అని మేడమ్ చెయ్యి ఊపింది.

ఇంత దారి తనే వేసి ఇస్తుందని పేర్లమ్మ కలలో కూడా అనుకోలేదు. బల్ల దగ్గరికి నడిచి, పత్రికావిడ వైపు తిరిగి, ఒక్క ఊపిరి తీసింది.

“చిగురూ కాదు, ఆకూ కాదండీ. ముందు ముక్క బస్టాండులో దొడ్లు కడిగిన మా అమ్మది. వెనక ముక్క ఆసుపత్రిలో శవాలు కడిగిన మా అత్తది. రెండూ అతికించి నా కూతురికి పెట్టుకున్నా, ఈవిడ ఎత్తుకొచ్చింది.”

ఆగాల్సిన చోట ఆగింది. మూతి తిప్పాల్సిన చోట తిప్పింది.

 ఎవరో పెద్దవాళ్లు కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కాగితం టోపీల్లోంచి “దొడ్లా?” అన్న గొంతొకటి లేచింది. పిల్లలకి అంతకంటే నవ్వొచ్చే మాట లోకంలో లేదు. గదంతా గొల్లుమంది.

“ఏం మాట్లాడుతున్నావ్? మతి పోయిందా? అబద్ధం!” మేడమ్ మొహం కేకు మీద మీగడ రంగుకి తిరిగింది.

చివరి కుర్చీలోంచి మాస్టారు లేచాడు. “దుప్పటి మీద ఆ పేరు కుడుతున్నప్పుడు నేనక్కడే ఉన్నానమ్మా. అప్పటికి మీ పాప పుట్టలేదు” అన్నాడు. అని కూర్చోకుండా, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ముందు వరసలో ఒక బాలింత ఒళ్లోని బిడ్డ తలమీంచి టోపీ మెల్లగా తీసి, మడిచి, సంచీలో పెట్టింది. రెండో ఆవిడ బిడ్డని కాస్త దూరంగా పట్టుకుని, కొత్తగా చూస్తున్నట్టు చూసింది. మేడమ్ కూతురు తల్లి చెయ్యి లాగుతూ, “అమ్మా, నా పేరులో శవాలున్నాయా?” అని అడుగుతోంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతుంటే పేర్లమ్మకి ఒక్క క్షణం గుండె చివుక్కుమంది. ఒక్క క్షణమే. తన పిల్ల అన్నం వేళ దాకా నిలబడింది. ఈ పిల్ల కుర్చీ ఎక్కి కేకు కోసింది.

వీధిలోకొచ్చాక కడుపు చల్లబడింది. ఇన్నాళ్లూ ఆ కొట్టులోంచి వంగిన నడుముతో బయటికొచ్చిన మనిషి, ఆ రోజు నిటారుగా నడిచింది. ఇంటికెళ్లి అత్తకి పూసగుచ్చినట్టు చెప్పింది.

“నవ్వారా?” అని అడిగింది అత్త.

“నవ్వకేం? గది దద్దరిల్లింది.”

“ఎవర్ని చూసి?”

“మేడమ్‌ని చూసి. ఇంకెవర్ని చూసి నవ్వుతారు?”

“మేడమ్‌ని చూసే అంటావ్” అంది అత్త. 

*

సోమవారం పొద్దున మేడమ్ ఆమె మొహం చూడలేదు. తెరని వెనక గది నేల మీద కుప్పగా పడేసి, “ఇది ఊడదీసి పో. రేపట్నుంచి రావక్కర్లేదు” అని గుమ్మంలోంచే అంది.

పేర్లమ్మ అది తెలిసే వచ్చింది. కుట్టుపని వచ్చిన చేతికి ఊళ్లో ఇంకో గుమ్మం దొరక్కపోదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గొలుసు కుట్టు ఊడదియ్యడం వెయ్యడమంత కష్టం కాదు. చివరి ముడి తెంపి కొస పట్టుకు లాగితే చాలు, గొలుసు గొలుసే సర్రున జారి వచ్చేస్తుంది. రెండు రోజులు కుట్టింది గంటలో పోయింది. మొదట ర పోయింది, తర్వాత లి, చివరికి తు. జరీ అంతా చిక్కుపడి పక్కన పోగయింది. మఖమల్ మీద అక్షరాలున్న చోట సూది చిల్లులు మాత్రం మిగిలాయి. వాటినెవరూ తియ్యలేరు.

ముందు గదిలోంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఒకావిడ దుప్పటి ఆర్డరు మార్చుకుంటోంది: “వేరే పేరు రాసుకోండి. ఏదైనా సరే, అది వద్దు.” మరొకావిడ కుట్టడం అయిపోయిన టోపీలు తిరిగిచ్చేసింది. మేడమ్ కూతురికి రాత్రికి రాత్రే కొత్త పేరు వచ్చిందట, బడికి కూడా చెప్పి పంపారట. వీధిలో నిలువెత్తు బొమ్మ కింద కూలివాళ్లు రంగు పూస్తున్నారు. విన్న ప్రతి మాటకీ పేర్లమ్మ దారం ఇంకాస్త గట్టిగా లాగింది.

“చూశారా మాస్టారూ, ఊరంతా వదిలేసింది. ఇక తులిర అంటే ఒక్క నా కూతురే.”

మాస్టారు కత్తెరకి నూనె రాస్తున్నాడు. ఆదివారం ఆయన అంత మాటన్నా, మేడమ్ ఆయన్ని ఏమీ అనలేదు. అంత బాగా కత్తిరించే మనిషి ఆవిడకి మళ్లీ దొరకడు. “ఒక్కతే” అన్నాడు ఆయన. “ఊరంతా వద్దన్నది నీకు మిగిలింది.”

“నాకు కావల్సిందీ అదేగా.”

“నీకు సరే” అని ఆయన కత్తెర మూసి పక్కన పెట్టాడు. ఆమె వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చాడు. ఆమె దారపు కండెలు అప్పజెప్పి, తన సూదుల డబ్బా ఒక్కటీ తీసుకుని, గెలిచిన మనిషిలా బడికి బయలుదేరింది.

సాయంత్రం గేటు దగ్గర టీచరమ్మ ఆమెని చూసి, ఎప్పుడూ లేనంత మర్యాదగా నవ్వింది. క్లాసు వైపు తిరిగి, గొంతెత్తి, “తులిరా!” అని పిలిచింది. ఆ మూడక్షరాలూ చెవిన పడగానే పేర్లమ్మ కళ్లు చెమర్చాయి. అయిదు రోజుల కసి అంతా ఆ ఒక్క పిలుపులో తీరిపోయింది.

పిల్ల రాలేదు.

టీచరమ్మ మళ్లీ పిలిచింది. వరండాలో పిల్లల గుంపు రెండుగా విడింది. మధ్యలో గోడకి ఆనుకుని కూతురు నిలబడి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు చేతులు తట్టుకుంటూ ఏదో పాడుతున్నారు. మొదట పాటేమిటో పేర్లమ్మకి అర్థం కాలేదు. దగ్గరికెళ్లాక అర్థమైంది.

“ముందు ముక్కా దొడ్లమ్మా! వెనక ముక్కా శవాలమ్మా!”

దొడ్ల దగ్గర ఆగుతున్నారు, శవాల దగ్గర ఆగుతున్నారు. ఆగిన చోటల్లా అందరూ ఒకేలా మూతి పక్కకి తిప్పుతున్నారు. అది ఎవరు నేర్పిందో పేర్లమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. టీచరమ్మ “ఛ, తప్పు, అలా అనకూడదు” అని అరుస్తూనే ఉంది. ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని రెక్క పట్టుకు లాక్కెళ్తూ ఈ పిల్లవైపు చూసి పక్కకి జరిగారు.

పేర్లమ్మ కూతుర్ని ఎత్తుకుంది. అయిదేళ్ల పిల్ల, బరువే. అయినా దించకుండా ఇంటిదాకా మోసింది.  దారంతా పిల్ల తల్లి భుజం మీద మొహం పెట్టుకునే ఉంది.

ఇంట్లో అత్త ఎప్పటిలాగే తడిగుడ్డ తెచ్చి పిల్ల మొహం తుడవబోయింది. రోజూ ఆ చేతికి మొహం అప్పగించి కళ్లు మూసుకునే పిల్ల, ఇవాళ కళ్లు తెరుచుకుని ఆ చేతివంకే చూసింది.

“నానమ్మా, నువ్వు చచ్చిపోయినవాళ్లని కడిగావా?”

“కడిగానే.”

“ఈ చేతుల్తోనా?”

“ఈ చేతుల్తోనే.”

“ఛీ” అని పిల్ల వెనక్కి జరిగింది.

అత్త కోడలివైపు చూడలేదు. చూసి ఉంటే పేర్లమ్మ ఏదో ఒకటి అని ఉండేది, కనీసం తప్పు నాదే అని ఉండేది. ఆవిడ తడిగుడ్డ తీగ మీద ఆరేసి, మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. పిల్ల లోపలి గదిలోకి పోయి, మూలన గోడవైపు తిరిగి కూర్చుంది.

పేర్లమ్మ వంట మొదలుపెట్టింది. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. తను చెప్పింది అబద్ధమా? కాదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. తల్లి కడిగింది, అత్త కడిగింది. ఆ పనుల్లో సిగ్గుపడేదేమీ లేదని కూడా తనకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. అందుకే కదా ఆ ఇద్దరి పేర్లూ ఏరి కూతురికి పెట్టుకుంది. మరి ఆ పేరుని ఛీ అనిపించుకునేలా ఊరికి చూపించింది మేడమ్ కాదు, టీచరమ్మ కాదు. ఈ లెక్క ఎటు తిప్పి చూసినా ఒక్క చోటికే వచ్చి ఆగింది. పొయ్యి ముందు నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఏడుపు బయటికి రాకుండా ఏడ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని, కంచం పెట్టి పిలిచింది.

“తులిరా, అన్నానికి రామ్మా.”

లోపల్నుంచి జవాబు లేదు. వెళ్లి చూస్తే నిద్రపోవడం లేదు, గోడ మీద వేలితో గీతలు గీస్తోంది. “తులిరా” అంది మళ్లీ, దగ్గరికెళ్లి. వేలు ఆగింది గానీ తల తిరగలేదు.

“తులిరా, నిన్నేనే.”

“అది నేను కాదు” అంది పిల్ల, గోడతోనే.

పేర్లమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. బయట మెట్టు మీద అత్త కదలకుండా వింటోంది. కంచంలో అన్నం ఆరిపోతోంది, పిల్ల పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. 

“చిట్టీ” అంది పేర్లమ్మ.

“వస్తున్నా అమ్మా” అని పిల్ల చటుక్కున లేచి, పరుగున వచ్చి కంచం ముందు కూర్చుంది.